మినుము గుణం, మనిషి గుణం

డైట్ కూల్‌డ్రింక్ డబ్బాను తిప్పి చూడండి. తీపి కోసం అస్పర్టేమ్ కలిపి ఉంటే, ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్లకు ఇది పనికిరాదని చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక కనిపిస్తుంది. చాలామంది చదవని ఆ ఒక్క ముక్కలో, మనిషిని చేసేది పుట్టుకా పెంపకమా అన్న పాత తగాదాకు పనికొచ్చే సాక్ష్యం ఉంది. ఫినైల్‌కీటోన్యూరియా నిఖార్సుగా పుట్టుకతో వచ్చే జబ్బు. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరిన బిడ్డ శరీరం, మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్ అలనిన్ అనే పదార్థాన్ని సరిగా మార్చుకోలేదు. అందరికీ బలమిచ్చే పాలూ పప్పూ గుడ్డే ఆ బిడ్డ ఒంట్లో విషంలా పేరుకుని, ఎదిగే మెదడును దెబ్బతీస్తాయి. తన ఇద్దరు పిల్లల మూత్రం వింత వాసన వేస్తోందని ఒక తల్లి పట్టువదలకుండా చెప్పబట్టి, 1934లో నార్వే వైద్యుడు అస్‌బ్యోర్న్ ఫోలింగ్ పరీక్షించి చూశాడు. ఫెరిక్ క్లోరైడ్ వేయగానే అది ఆకుపచ్చగా మారింది. జబ్బు దొరికింది గాని అప్పటికి చేయగలిగిందేమీ లేదు. 1953లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో హార్స్ట్ బికెల్, ఆయన సహచరులు ఫినైల్ అలనిన్ తగ్గించిన ఆహారం పెట్టి చూశారు. మరో పదేళ్లకు రాబర్ట్ గత్రీ రూపొందించిన పరీక్ష వాడుకలోకి వచ్చింది: పసిబిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్క చాలు. పుట్టిన కొద్దిరోజుల్లో పట్టుకుని తిండి మారిస్తే, బుద్ధి ఎదగకుండా మిగిలిపోవలసిన బిడ్డ బడికి వెళ్లి అందరిలా చదువుకుంటుంది. జన్యువు పుట్టినప్పటిలాగే ఉంటుంది. దాని ఫలితం మాత్రం మారిపోతుంది.

మన తగాదా అంతా రెండు నమ్మకాల మీద నిలబడి ఉంది. పుట్టుకతో వచ్చింది మారదు, పెంపకంతో వచ్చింది మారుతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదనేవాళ్లూ, ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారనేవాళ్లూ కూడా వీటిని ముందే ఒప్పుకుని వాదానికి దిగుతారు. ఏ గుణాన్ని ఏ ఖాతాలో వేయాలన్న దగ్గరే వాళ్లకు పేచీ. ఆ రెండు నమ్మకాలూ తప్పేనని నా వాదన. గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్నకూ, దాన్ని మార్చగలమా అన్న ప్రశ్నకూ మనం అనుకున్నంత చుట్టరికం లేదు. మొదటి నమ్మకాన్ని కూల్చడానికి ఆ మడమ రక్తపు చుక్క చాలు.

రెండో దానికి మన నోట్లోనే సాక్ష్యం ఉంది. 'పాట', 'పాత' అని పలికి చూడండి. ఒకదానికి నాలుక కొన వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది, రెండోదానికి పళ్లను తాకుతుంది. మన చెవికి ఇవి బొత్తిగా వేరు మాటలు. ఇంగ్లిషు తప్ప వినకుండా పెరిగినవాళ్లకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. విదేశాల్లో తెలుగు చెవిన పడకుండా ఎదిగిన మన పిల్లలు పెద్దయ్యాక తడబడేదీ ఇక్కడే. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలోని ఇంగ్లిషు ఇళ్ల పసివాళ్లకు హిందీలోని ట, త ధ్వనులను వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలావరకు తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలల వాళ్లకు ఆ శక్తి దాదాపుగా పోయింది. అంటే పుట్టుకతో వచ్చిన నేర్పు ఏడాది తిరక్కుండా జారిపోయింది, పెంపకం చేసిన చెవి మాత్రం అంత తేలిగ్గా వదలదు. ఇంతకంటే కఠినమైన సాక్ష్యం రుమేనియాది. 1989లో నియంత చౌషెస్కూ పాలన కూలేనాటికి అక్కడి అనాథాశ్రమాల్లో లక్షమందికి పైగా పిల్లలున్నారు. పాలసీసా అందేది, ఎత్తుకునే చేయి అందేది కాదు. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధనలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా 136 మంది పిల్లల్లో సగం మందిని, చీటీలు తీసినట్టు ఎంచి, పెంపుడు కుటుంబాలకు పంపారు. (మిగతా సగం సంగతి తలుచుకుంటే ఈ పద్ధతి నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు.) రెండేళ్లలోపు ఇల్లు చేరినవాళ్ల తెలివితేటలు బాగా కోలుకున్నాయి, ఆలస్యంగా చేరినవాళ్లవి అంతగా కోలుకోలేదు. వాళ్లకు జరిగిన నష్టమంతా పెంపకం లేకపోవడం వల్ల వచ్చిందే. అయినా మంచి ఇల్లు దొరకగానే అది చెరిగిపోలేదు.

కవలల మీద జరిగిన పరిశోధనలు ఈ వాదనకు అడ్డం వస్తాయని అంటారు. మిన్నెసోటాలో థామస్ బుషార్డ్ బృందం, పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన ఏకరూప కవలలను పరీక్షించి, తెలివితేటల కొలతలో కనిపించే తేడాలకు దాదాపు 70 శాతం వారసత్వమే కారణమని 1990లో ప్రకటించింది. ఆ అంకెను కొట్టిపారేయనక్కర్లేదు, అది దేని అంకె అన్నదే చూడాలి. అది ఒక మనిషి తెలివిలో జన్యువుల వాటా కాదు, ఒక గుంపులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో వాటా. చేతికి అయిదు వేళ్లు రావడం జన్యువుల పనే. కానీ ఊళ్లో ఎవరికైనా నాలుగే ఉన్నాయంటే, చాలాసార్లు గడ్డి కోసే మిషనే కారణం. అందుకే వేళ్ల లెక్కలో తేడాలకు వారసత్వపు శాతం కడితే బహు స్వల్పంగా వస్తుంది. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ అమెరికాలో ఏడేళ్ల కవలల లెక్కలు తీస్తే, కలిగిన ఇళ్లలో తెలివి తేడాలకు ఎక్కువగా వారసత్వం కారణమైంది, నిరుపేద ఇళ్లలో దాని వాటా దాదాపు సున్నాకు పడిపోయింది. పశ్చిమ ఐరోపా దేశాల లెక్కల్లో ఈ తేడా కనిపించలేదన్నదీ నిజమే. పేదవాడికి కూడా వైద్యం, బడి అందే చోట అలా కావడంలో వింత లేదు. ఒకే మడిలో, ఒకే నీటితో పెరిగిన పైరులో తేడా ఉంటే అది విత్తనానిదే అవుతుంది. సగం మడికి నీరు పారకపోతే విత్తనం సంగతి ఎవరికీ తెలియదు. వారసత్వపు శాతం విత్తనంతోపాటు మడినీ కొలుస్తోంది.

పుట్టుగుణమూ చుట్టూ ఉన్నదీ కలిసే ఫలితాన్ని తేలుస్తాయన్న సంగతి మన పాత శాస్త్రాల్లో ఒకదానికి బాగా తెలుసు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయం, ఆహారం ఫలితాన్ని తేల్చే ఎనిమిది అంశాల్లో ప్రకృతిని ముందు చెబుతుంది: మినుములు గురువు (అరగడానికి బరువు), పెసలు లఘువు (తేలిక). వెంటనే రెండోదిగా కరణాన్ని, అంటే సంస్కారాన్ని చెబుతుంది. నీరు, నిప్పు, కడగడం, చిలకడం, చోటు, కాలం, ఉంచిన పాత్ర, వీటివల్ల పదార్థానికి వేరే గుణం పట్టడమే సంస్కారం. మన వంటింట్లో ఇది రోజూ జరిగేదే. మినుము ఎంత నానబెట్టినా పెసలు కాదు. అయినా గారె అరిగే తీరు వేరు, పులిసిన పిండితో పోసిన ఇడ్లీ అరిగే తీరు వేరు. ఇక సంస్కారమన్న ఆ మాటనే చూడండి. యోగశాస్త్రంలో సంస్కారమంటే వెనకటి అనుభవాలు, గడచిన జన్మలవి సహా, చిత్తం మీద వదిలిన ముద్ర. గృహ్యసూత్రాల్లో నామకరణం, అన్నప్రాశన వంటి కర్మ. మన ఇళ్లలో నలుగురిలో మెలిగే తీరు. వెంట తెచ్చుకున్నదానికీ, పెట్టి పెంచినదానికీ మనం ఒకే మాట వాడుతున్నాం. భాషలో ఇది లోపమని నేననుకోను.

ఆస్తికులు ఇక్కడ ఒక మాట అడగవచ్చు: పుట్టుకను పూర్వకర్మ నిర్ణయించినప్పుడు దాన్ని మారుస్తామనడం ఆ కర్మను కాదనడమే కదా? కర్మ సిద్ధాంతం నిజమో కాదో ప్రయోగశాల తేల్చేది కాదు, నేనూ తేల్చబోను. దాని సొంత లెక్క మాత్రం చూద్దాం. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని అది కర్మను మూడుగా విడదీసింది. ఈ పుట్టుకను తెచ్చింది ప్రారబ్ధం, ఆగామి ఇప్పుడు చేసే పనితో పోగయ్యేది. పుట్టుకతో వచ్చింది గనుక చేతులు కట్టుకు కూర్చోమని ఆ లెక్కలో ఎక్కడా లేదు. కులం పేరుతో చదువు నిరాకరించినవాళ్లు ఆ మాటను దాని నోట్లో పెట్టారు. విజ్ఞానం నోట్లోనూ పెట్టారు. డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో యూజెనిక్స్ అని పేరు పెట్టిన ఆలోచన పెరిగి పెద్దదై, 1927లో 'బుద్ధిహీనుల'కు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు చేతే సమర్థింపజేసింది. పెంపకం పక్షం చేతులూ శుభ్రంగా లేవు. పిల్లల ఆటిజానికి తల్లిదండ్రుల మనసులోని చల్లదనమే కారణమన్నట్టు బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 జతల కవలలను చూసి వారసత్వం పాత్రను చూపించేనాటికి, ఎందరో తల్లులు చేయని తప్పును తలమీద మోశారు.

గుణం జన్యువుదీ ఇంటిదీ అయితే మనిషికి బాధ్యత ఏం మిగిలిందని ఇంకొకరు అడగవచ్చు. తనకు మూలం తానే అయినవాడికే బాధ్యత ఉంటుందనుకుంటే అది ఎవరికీ ఉండదు. కన్నవాళ్లనూ, పెంచినవాళ్లనూ ఎవరూ ఎంచుకుని పుట్టలేదు. తగాదా ఎటు తెగినా ఈ సంగతి మారదు. బాధ్యత మూలంలో కాదు, తెలిసిన తర్వాత చేసే పనిలో ఉంటుంది. ఫినైల్‌కీటోన్యూరియాకు ఆ బిడ్డా బాధ్యురాలు కాదు, తల్లీ కాదు. పరీక్ష అందుబాటులో ఉండి కూడా చేయనివాళ్లు మాత్రం బాధ్యులే. ఆ జబ్బు కథలో చివరి ఘట్టం ఒకటుంది. చిన్నతనం దాటితే పథ్యం మానేయవచ్చని ఒకప్పుడు వైద్యులు అనుకునేవారు. అలా మానేసిన ఆడపిల్లలు ఆరోగ్యంగా ఎదిగి గర్భవతులయ్యారు. తల్లి రక్తంలో మళ్లీ పేరుకున్న ఫినైల్ అలనిన్, తమకు ఆ జబ్బు లేని కడుపులోని బిడ్డల మెదళ్లనూ దెబ్బతీసింది. ఇప్పుడు ఆ పథ్యం జీవితాంతం చేయమంటున్నారు.