ఉపసంహారములేని అస్త్రము

సౌప్తికపర్వ కథను రాత్రివేళ పిల్లలకు చెప్పుటకు మన యిండ్లలో పెద్దలు సంకోచింతురు. నిద్రించువారిని చంపిన కథ గదా! అయినను అందొక ఘట్టము తప్పక వినదగినది. అశ్వత్థామయు అర్జునుడును ఒకే అస్త్రమును ప్రయోగించిరి. వ్యాసనారదులు వారింపగా అర్జునుడు తన దానిని మరలించెను. అశ్వత్థామకు ఆ నేర్పు లేదు. అతని అస్త్రము ఉత్తర గర్భమందలి శిశువుపై పడెను. విడుచుట తెలిసి మరలించుట తెలియనివాడు అస్త్రము పట్టవచ్చునా?

మందుపాతర యట్టి అస్త్రము. పాతినవాడు మరచును, మరణించును, సంధియు చేసికొనును. పాతరకు సంధి తెలియదు. సముద్రమున కావల శ్రీలంకలో యుద్ధము 2009 మే నెలలో ముగిసినది. అటుపిమ్మట ఏండ్ల తరబడి ముహమాలై వంటి చోట్ల స్త్రీలును పురుషులును మోకాళ్ళపై నిలిచి, జానెడు జానెడుగా మట్టిని గోకి పాతరలను వెలికితీయుచు వచ్చిరి. వారిలో యుద్ధమున భర్తలను గోల్పోయినవారును గలరు.

1997 నాటి ఒట్టావా ఒడంబడిక 1999 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది. శ్రీలంక 2017లో చేరినది. భారతదేశము చేరలేదు, దీర్ఘమైన సరిహద్దుల రక్షణ అందులకు చెప్పు కారణము. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. 2025లో ఫిన్లాండు, పోలండు, బాల్టిక్ దేశములు రష్యా భయముచే ఒడంబడికను వీడ నిశ్చయించుకొన్నవి. ఆ భయము మిథ్య కాదు. కాని శత్రువుకై పాతినది పదేండ్లకు మన పశులకాపరి కాలిక్రింద ప్రేలినచో, అది యెవరి రక్షణ?

మన మైలాపూరులోనే 1952లో మరియొక అస్త్రము ప్రయోగింపబడినది. బులుసు సాంబమూర్తిగారి యింట పొట్టి శ్రీరాములుగారు అక్టోబరు 19న నిరాహారదీక్ష పూని, డిసెంబరు 15 రాత్రి కన్నుమూసిరి. ఏ దినమందైనను ఆయన దానిని ఉపసంహరింపగలిగియుండిరి; గాయము ప్రయోక్తకే తగిలినది. అదియు బలాత్కారమే యను వాదము గలదు. ఆయన మరణానంతరము చెలరేగిన అల్లరులలో ప్రాణములు పోయిన మాటయు నిజము. అయినను అల్లరిచేసిన ప్రతి చేతివెనుకను ఆగగల మనస్సొకటి యుండెను. పాతరవెనుక ఎవరును లేరు.

భారతదేశ మంగీకరించిన 1996 నాటి సవరణ నియమావళి ప్రకారము పాతరలు పెట్టిన చోట్లను నమోదు చేయవలెను. వరదకు పాతరలు కదలును గనుక ఆ పటములును పూర్తిగా నమ్మదగినవి కావు. ఒడంబడికలో చేరుమాట తేలులోపల, పెట్టినవెన్ని, తీసినవెన్ని యను లెక్కనైనను ప్రజలు అడుగవచ్చునని మా యభిప్రాయము.