శరణు, సింహాసనం

కురిక్యాల బొమ్మలగుట్టకు వచ్చేవాళ్లు చక్రేశ్వరి బొమ్మ కింద చెక్కిన మూడు కందపద్యాల ముందు నిలబడి ఫొటో దిగి పోతారు. తెలుగు పాతదనానికి ఆ రాయి గట్టి సాక్ష్యమే, కాదనను. కానీ సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన నన్ను అక్కడ పట్టి నిలిపేది వేరే. శాసనం వేయించిన జినవల్లభుడూ, అతని అన్న పంప మహాకవీ జైనులు. చీమకైనా కీడు తలపెట్టొద్దనే మతంవాడు రాజు గెలిచిన యుద్ధాన్ని కావ్యానికి ఎట్లా ఎక్కించాడు?

వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి రాష్ట్రకూటులకు సామంతుడు, పైగా చుట్టం. చక్రవర్తి నాలుగో గోవిందుడి కోపానికి బెదిరి విజయాదిత్యుడనే చాళుక్యుడు వచ్చి అరికేసరి శరణు జొచ్చాడు. ఇతను అప్పగించలేదు. అంతటితో ఊరుకోనూ లేదు. 930ల నడుమ గోవిందుణ్ణి దించి, ఆ వంశంవాడే అయిన బద్దెగను గద్దెనెక్కించడంలో ముందు నిలబడ్డాడు. తన కావ్యం విక్రమార్జున విజయంలో పంపడు ఈ అరికేసరినే అర్జునుడిని చేశాడు. చివర పట్టాభిషేకం ధర్మరాజుకు కాదు, అర్జునుడికే.

941లో అదే కవి ఆదిపురాణమూ ముగించాడు. అందులో రాజ్యం దగ్గర అన్నదమ్ములు భరతుడు, బాహుబలి ఎదురుపడతారు. సేనలు చావడమెందుకని ఇద్దరే చూపులతో, నీళ్లలో, మల్లయుద్ధంలో తలపడతారు. గెలిచిన బాహుబలి రాజ్యం అన్నకే వదిలి తపస్సుకు పోతాడు. అతని పోదనపురం మన బోధనే అంటారు. వేములవాడ వంశం మొదట ఏలిందీ అక్కడి నుంచే.

బాహుబలి వదులుకున్నది తన వాటా. అరికేసరి గుమ్మంలో నిలబడ్డది మరొకడి ప్రాణం. దాన్ని వదిలేసి అహింస పాటించానంటే చెల్లదు. వైరాగ్యం మన సొత్తు మీదే చూపించాలి, పక్కవాడి మెడ మీద కాదు. అందుకే శరణిచ్చిందాకా నేను అరికేసరి పక్షమే. గద్దె మార్చిన దగ్గరే నా పేచీ. గోవిందుడు ఆడవాళ్ల మోజులో చెడిపోయాడని చెప్పే రాగిశాసనాలు ఎవరివి? బద్దెగ కొడుకు మూడో కృష్ణుడివి!

దించినవాళ్లే దిగినవాడి నేరం రాసిపెట్టడం ఇక్కడే కాదు, స్పెయిన్‌ను ఏలిన విసిగోతుల కథా ఇంతే. 631లో సిసెనాండు ఫ్రాంకుల సైన్యాన్ని తోడు తెచ్చుకొని రాజు స్వింతిలాను దించాడు. 633లో బిషప్పు ఇసిడోరు పెద్దరికంలో టొలీడోలో కూడిన బిషప్పులు, రాజుకిచ్చిన ప్రమాణం తప్పినవాడికి శాపం పెట్టారు. అప్పటికే తప్పి గద్దె మీద కూర్చున్న సిసెనాండుకు అది తగల్లేదు. దిగిపోయిన స్వింతిలానే దోషి అయ్యాడు.

పంపడు మాత్రం అట్లాంటి శాపాలు రాయలేదు. సబ్బినాడులో ధర్మపురం అగ్రహారం పుచ్చుకున్నాడు, ఆ ముచ్చటా గుట్ట మీది శాసనంలోనే ఉంది. అయినా కవి అమ్ముడుపోయాడని నేననను. అమ్ముడుపోయినవాడైతే, గద్దెలు మార్చే రాజు కొలువులో ఉండి, గెలిచినవాడు గద్దె వదిలి అడవి పట్టిన కథ అంత ఓపిగ్గా రాయడు.