మసక కంటి దర్శనము

కంట శుక్లములు ముదిరిన ఒక వృద్ధురాలు మనుమని చేయి పట్టుకొని తిరుమల గర్భాలయమున కెదురుగా నిలిచినది. అచ్చట నేతిదీపముల వెలుగే వెలుగు. నల్లని తేజస్సు నడుమ తెల్లని తిరునామ మనదగిన మసక యొకటి ఆమెకు తోచినది. అంతలో జరుగుడని కేక. వెలుపలికి వచ్చి, "నేను చూచినది స్వామినేనా నాయనా, కంటి భ్రమయా?" అని మనుమని నడిగినది.

ఈ ప్రశ్న చిన్నది కాదు. ముత్యపుచిప్ప వెండివలె భ్రమింపజేయుట లోకప్రసిద్ధము. ఆ వెండిని అద్వైతులు అనిర్వచనీయ మనిరి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున, జిజ్ఞాసాధికరణమునందు, వేరొక త్రోవ చూపిరి. భూతములు ఒకదానియందొకటి కలిసియున్నవి గనుక చిప్పయందును వెండి యంశము కొంత కలదు. సోమలత దొరకనప్పుడు పూతికను గ్రహింపుమని శ్రుతి విధించుటకును ఇట్టి అంశసద్భావమే హేతువు. దోషవశమున చిప్ప యంశము మరుగుపడి వెండి యంశమే కానవచ్చును. దోషము తొలగగా అధికమైన చిప్ప యంశము తెలియును. చూచినది అసత్యము కాదు, చూడవలసినది మిగిలినది. దీనినే యథార్థఖ్యాతి యందురు.

అయితే పచ్చకామెర్లవానికి శంఖము పసుపుగా కనబడుటను గూర్చి, కంటిలోని పైత్యము చూపు కిరణములతో వెలుపలికి పోయి శంఖమును కప్పునని చెప్పిన వివరణము నేడు నిలువదు. వెలుగే కంటిలోనికి వచ్చుచున్నది. ఇది యొప్పుకొనుటకు సంకోచ మక్కరలేదు. పైగా ఆరోగ్యవంతుని కంటియందును నరము బయలుదేరు చోట చూపులేని తావొకటి కలదు. ఆ కొరతను మెదడు చుట్టుపట్ల వర్ణముతో పూరించుకొనును. రెండు కన్నులు తెరచినవాడు దాని నెరుగనే యెరుగడు. ఈ పూరణము యథార్థఖ్యాతివాదికి చిక్కుప్రశ్నయే. వృద్ధురాలి సంశయమునకు మాత్రము ఇందు ఊరట కలదు: చూపు మసకబారినవారే కాక ఎల్లరును కొంతయే చూచుచున్నారు.

గురువారమునాడు తిరునామము తగ్గించి నేత్రదర్శనము కలిగింతురు. తక్కిన దినములలో ఎంత చురుకైన కంటికైనను స్వామి కన్నులు చాలవరకు కానరావు. అంతమాత్రమున ఆనాటి దర్శనము అబద్ధమందుమా?

ఇక కన్ను ఒంటరిగా చూడదు. మనస్సు ఇంద్రియముతోను, ఇంద్రియము అర్థముతోను కూడినగాని జ్ఞానము పుట్టదు. మనస్సు వేరొకచోట నుండుటచే చూడలేదని లోకులాడు మాటను బృహదారణ్యకమును ఎత్తి చూపినది. మనుమని కన్నులు నిర్మలములే. "మరి నీవేమి చూచితివిరా?" అని ఆమె అడుగగా, ముందువాని వీపు, తోపులాట తప్ప అతనికి చెప్పుట కేమియు లేకపోయినది. ఎడమవైపు దీపమొకటి రెండుమారులు ఊగి నిలిచినదని ఆమె చెప్పినది.