కాలం వెనక్కి తిరిగినా కర్త తిరగడు

గళ్ళ మీద సైన్యాన్ని నడిపే వ్యూహాత్మక వీడియో గేముల్లో, 1990లో జపాన్‌లో మొదలైన ‘ఫైర్ ఎంబ్లెమ్’కి ఒక కఠినమైన నియమం ఉంది. ఇందులో ప్రతి సైనికుడికీ పేరుంటుంది, ముఖముంటుంది, స్నేహితులుంటారు. యుద్ధంలో పోతే పోయినట్టే. మిగిలిన కథ అతను లేకుండానే నడుస్తుంది. దీన్ని తట్టుకోలేని ఆటగాళ్ళు మొదటి నుంచీ ఒక దొడ్డిదారి పట్టారు. మనిషి పోగానే ఆట ఆపేసి, ఆ యుద్ధాన్ని మళ్ళీ మొదలుపెట్టేవారు. తయారీదారులూ క్రమంగా మెత్తబడ్డారు. 2010 నాటి ఆటలో, పడిపోయినవాళ్ళు తర్వాతి యుద్ధానికి లేచివచ్చే పద్ధతిని కూడా పెట్టారు. 2019లో వచ్చిన ‘త్రీ హౌసెస్’లోనైతే కాలాన్ని కొన్ని ఎత్తులు వెనక్కి తిప్పే శక్తిని ఒక దేవత ఇచ్చిన వరంగా కథలోనే కలిపేశారు. ఇక్కడే ఒక పాత ప్రశ్న కొత్తగా ఎదురవుతుంది. చేసిన పనిని చేయనట్టుగా మార్చుకోగలిగితే ఆ కర్మకు ఇంకా బరువుంటుందా? జరిగింది తిరిగిరాదు కాబట్టే కర్మకు బరువు అని సాధారణంగా అనుకుంటాం. ఆ బరువులో కొంత భాగం కాలం చేతిలో లేదని, అది కర్త దగ్గరే ఉండిపోతుందని ఈ ఆటలే చూపిస్తున్నాయి.

‘త్రీ హౌసెస్’లో ఆటగాడు గురువు, సైనికులు అతని శిష్యులు. గాయపడి ఉన్న ఒక శిష్యురాలిని గొడ్డలి పట్టిన శత్రువు మీదికి పంపాడనుకుందాం. ఎదురుదెబ్బ తగిలే అవకాశం నూటికి ఇరవై అని తెర ముందే చెబుతుంది. అయినా పంపాడు, దెబ్బ తగిలింది, ఆమె పోయింది. కాలాన్ని వెనక్కి తిప్పాడు. అయితే ఆటలో పాచికలు మాత్రం కొత్తగా పడవు. అవే ఎత్తులు అదే వరసలో వేస్తే అదే ఫలితం వస్తుంది. ఏదో ఒకటి మార్చి తీరాలి. ఆరితేరినవాళ్ళు ముందు ఇంకొకరితో ఒక చిన్న దాడి చేయించి, ఆ చెడ్డ సంఖ్యను అక్కడ ఖర్చు చేసేసి, మళ్ళీ ఆ పిల్లనే ముందుకు తోస్తారు. ఇప్పుడు ఇంకో ఆటగాణ్ణి చూడండి. అతనూ అంతే తెగింపుతో పంపాడు, గొడ్డలి తప్పిపోయింది, వెనక్కి తిప్పాలన్న ఆలోచనే రాలేదు. ఇద్దరి నిర్లక్ష్యమూ ఒక్కటే. అదృష్టం మన తప్పొప్పుల లెక్కను ఎంతవరకు శాసిస్తుందన్న చర్చను 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ లేవదీశారు. ఈ ఆట ఆ చర్చకు ఒక నమూనా. వెనక్కి తిప్పడమంటే ఫలితాన్ని దిద్దుకోవడమే. ఆ నిర్ణయం తీసుకున్న బుద్ధి దిద్దుబాటు లేకుండా అలాగే ఉండిపోవచ్చు.

కాలాన్ని తిప్పే యంత్రం లేకుండానే మహాభారతం ఇలాంటి సందర్భాన్ని పరీక్షించింది. సభాపర్వంలో ధర్మరాజు జూదంలో సర్వస్వం ఓడిపోయాక, ద్రౌపది కోరిన వరాలతో పాండవులకు దాస్యం తప్పింది. ధృతరాష్ట్రుడు రాజ్యాన్నీ ధనాన్నీ తిరిగి ఇచ్చేశాడు. లెక్క ప్రకారం ఆట మొదటికొచ్చింది. దారిలో ఉండగానే మళ్ళీ పిలుపు రావడం, ధర్మరాజు మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ ఓడి అడవికి పోవడం జరిగాయి. ఓటమి రద్దయింది గానీ ఓడిన మనిషి మారలేదు. వనపర్వంలో బృహదశ్వుడు ఆయనకే చెప్పిన నలుడి కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. తమ్ముడు పుష్కరుడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు వంటవాడిగా, సారథిగా బతికి, ఋతుపర్ణుడి దగ్గర పాచికల రహస్యమైన అక్షహృదయం నేర్చుకున్నాకే మళ్ళీ పాచికలు పట్టాడు. గెలిచి, తమ్ముణ్ణి క్షమించాడు. ఇద్దరికీ రెండో ఆట దొరికింది. దాన్ని దక్కించుకున్నది మొదటి ఆట నుంచి మరొకడిగా నడిచివచ్చినవాడే.

ఎంత చెప్పినా ఇవి తెర మీద బొమ్మలు, వాటికి నొప్పి లేదు, పాపపుణ్యాల ప్రసక్తి ఎందుకని అడగవచ్చు. నిజమే, బొమ్మను చంపినవాడు హంతకుడు కాడు. ఆటలు మనుషుల్ని క్రూరుల్ని చేస్తాయన్నది కూడా నా వాదన కాదు. బాధితుడు లేడు కాబట్టే ఇక్కడ కర్తను విడిగా చూడటం సాధ్యమవుతోంది. 1995లో వచ్చిన ‘టాక్టిక్స్ ఓగర్’నే తీసుకోండి. నింద శత్రువు మీద పడేలా, బల్మమూసా అనే ఊళ్ళో సొంత జనాన్నే ఊచకోత కోయమని నాయకుడికి ఆజ్ఞ వస్తుంది. ఒప్పుకోవాలో లేదో ఆటగాడే తేల్చుకోవాలి. కాదన్నా ఊరు మిగలదు; పైగా ఆ ఘాతుకం నాయకుడి నెత్తినే పడుతుంది. ఫలితాన్ని బట్టే కర్మను తూచేటట్టయితే ఈ రెండు దారులకూ పెద్ద తేడా ఉండకూడదు. ఉందని ఆడినవాళ్ళందరికీ తెలుసు. 2010లో వచ్చిన కొత్త రూపంలో, ఆట ముగించినవాళ్ళు ఆ కూడలికే తిరిగివెళ్ళి రెండో దారి పట్టవచ్చు. మొదటిసారి సరే అన్నవాడు ఈసారి కాదన్నంత మాత్రాన, ఎప్పుడూ సరే అనని మనిషి అయిపోడు.

దీనికంటే బలమైన ఆక్షేపణ మరొకటుంది. బరువంతా కర్త మనసులోనే ఉందంటే, బాధితుడు కర్త ఆత్మశుద్ధికి ఒక సాధనంగా మిగిలిపోడా? ఈ ప్రశ్నకు తలవంచాల్సిందే. ప్రతి తప్పుకూ రెండు బాకీలుంటాయి: నష్టపోయినవాడికి తీర్చాల్సింది ఒకటి, తనను తాను దిద్దుకోవాల్సింది రెండోది. ఆట మొదటి బాకీని మీట నొక్కి మాఫీ చేస్తుంది. జీవితంలో ఆ సదుపాయం లేదు. ధృతరాష్ట్రుడు రాజ్యం తిరిగివ్వగలిగాడు కానీ ద్రౌపదికి జరిగిన అవమానాన్ని వెనక్కి తీసుకోలేకపోయాడు. భీముడి ప్రతిజ్ఞలు సభలో అలాగే నిలిచిపోయాయి. ‘త్రీ హౌసెస్’ కూడా ఒకచోట ఇదే ఒప్పుకుంటుంది. తండ్రి జెరాల్ట్ కళ్ళముందు కత్తిపోటుకు కూలిపోతే, ఆ గురువు కాలాన్ని వెనక్కి తిప్పి అడ్డుపడబోతాడు. మరో శత్రువు మధ్యలో వచ్చి అతణ్ణి ఆపుతాడు, తండ్రి దక్కడు. కథకు మరణం నిజంగా అవసరమైన చోట ఆట తానిచ్చిన వరాన్ని తానే కాదంది.

పశ్చాత్తాపంలో ఉన్నవాడు ఆ రోజు మళ్ళీ వస్తే బాగుండునని కోరుకోవడం సహజం. ఆ కోరిక తీరినా, అదే మనిషి అదే బుద్ధితో తిరిగివెళ్తే ధర్మరాజు రెండో జూదమే అవుతుంది. మన శాస్త్రాలు ప్రాయశ్చిత్తాన్ని చేసినవాడే మోయాల్సిన వ్రతంగా, ఉపవాసంగా, దానంగా విధించడంలోని అర్థం నాకు ఇక్కడ కనిపిస్తుంది. జరిగిన కాలం మీద మనకు అధికారం లేదు. నష్టపోయినవాడికి తీర్చాల్సింది తీర్చడం, రాబోయే ఎత్తు వేసే చేతిని మార్చుకోవడం ఇవాళ కూడా మన చేతిలోని పనులే. వాటికి ఏ దేవత వరమూ అక్కర్లేదు.