రాజు చేవ్రాలు

చేవ్రాలు చిన్నది, దాని వెనుక నుండు ప్రశ్న పెద్దది. తన మనస్సాక్షి కొప్పని శాసనముపై రాజు చేవ్రాలు చేయవచ్చునా? చేయక నిరాకరింపవచ్చునా? రాజులు లేని మన దేశమున ఈ చర్చ యెందులకని కొందరడుగవచ్చును. అధికారపీఠముపై నెవరు కూర్చున్నను ఈ ప్రశ్న తప్పదు గావున దీనిని మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

పూర్వము రాజు ఇచ్ఛయే శాసనము. ఇంగ్లండు రాజైన మొదటి ఛార్లెసు తన యధికారము దైవదత్తమని నమ్మి, పార్లమెంటుతో యుద్ధము చేసి, ఓడి, 1649లో శిరశ్ఛేదము పొందెను. పార్లమెంటు సమ్మతి లేక రాజు చట్టములను నిలుపరాదనియు, పన్నులు వేయరాదనియు 1689 నాటి హక్కుల శాసనము కట్టడి చేసెను. 1708లో ఆన్ రాణి స్కాట్లండు సైనికదళమునకు సంబంధించిన యొక బిల్లును నిరాకరించెను. అటుపిమ్మట బ్రిటనులో ఏ రాజు గాని రాణి గాని యట్లు చేయలేదు. 1831లో బెల్జియము తన రాజ్యాంగమును వ్రాసికొన్నపుడు, అధికారములన్నియు జాతినుండియే పుట్టుననియు, మంత్రి చేవ్రాలు లేనిదే రాజు చేసిన యే కార్యమును చెల్లదనియు నిర్ణయించెను. ఇట్లు రాజు ఇచ్ఛ క్రమక్రమముగ తరిగి, రాజు చేవ్రాలు మాత్రము మిగిలినది.

కాని చేవ్రాలు చేయు చేతి వెనుక నొక మనుష్యుడుండును. ఆ బెల్జియముననే 1990 మార్చిలో, గర్భస్రావమును కొన్ని నియమములకు లోబడి యనుమతించు బిల్లు పార్లమెంటున నెగ్గెను. నాటి రాజు బొదువాఁ కథోలిక మతనిష్ఠ గలవాడు. తాను దానిపై చేవ్రాలు చేయజాలననియు, ఐనను పార్లమెంటు పనికి అడ్డు రాదలపననియు, వేరొక మార్గము వెదకుడనియు అతడు ప్రధానమంత్రి మార్టెన్సునకు లేఖ వ్రాసెను. దేశమున నందరికి గల అంతఃకరణ స్వాతంత్ర్యము రాజొక్కనికే లేదా యని అతని ప్రశ్న. రాజు పాలింప నశక్తుడని మంత్రులు ప్రకటించి, ఆ బిల్లుపై తామే చేవ్రాళ్లు చేసిరి. ఏప్రిల్ 5న ఉభయసభలును కూడి రాజును మరల పీఠమెక్కించెను.

ఈ కార్యమును మెచ్చినవారును కలరు, నవ్వినవారును కలరు. రాజు అడ్డు రాదలచుకొనకపోవుట మెచ్చదగినదే. కాని ఆ యుపాయము సత్యమునకు దూరమైనది. నిజముగ పాలింపలేని రాజునకై యేర్పడిన నియమమును, పాలింపగల రాజునకు వర్తింపజేసిరి. రెండు దినములైనను నిండకముందే యధికారము తిరిగివచ్చెను. మూల్యము చెల్లింపని మనస్సాక్షి తన సొమ్ము వ్యయము కాని దానము వంటిది.

అసలు చేవ్రాలన నేమో విచారింతము. మన యిండ్లలో క్రయపత్రము వ్రాయించునపుడు సాక్షులు చేవ్రాలు చేయుదురు. ఆ భూమి కొనుట లాభమో నష్టమో సాక్షికి పని లేదు. అమ్మినవాడు తన యిష్టముతో, సాక్షి కన్నులయెదుట, వ్రాలు చేసెనా యనునదియే యతడు చెప్పవలసిన మాట. శాసనముపై రాజు చేవ్రాలును ఇట్టిదే. అది "ఇది మంచిది" యను తీర్పు కాదు. "ఇది ప్రజాప్రతినిధులు యథావిధిగ చేసినది" యను సాక్ష్యము. లక్సెంబర్గున 2008లో గ్రాండ్ డ్యూకు ఆన్రీ, కారుణ్యమరణమునకు సంబంధించిన చట్టమును ఆమోదింపననెను. 2009లో ఆ దేశీయులు రాజ్యాంగమున 'ఆమోదించుట' యను మాటను తొలగించి, 'ప్రకటించుట' యను దానిని మాత్రము నిలిపిరి. రాజు సాక్షియే యని తేటపరచిరి.

ఈ సాక్షిధర్మము మనకును పరాయిది కాదు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు హిందూ కోడు బిల్లు విషయమున తమ స్వబుద్ధి ననుసరింపగోరి నెహ్రూగారికి వ్రాసిరి. నెహ్రూగారు న్యాయకోవిదుల నడుగగా, నెల్లూరు సీమలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామయ్యగారును, అటార్నీ జనరలు సెతల్వాడుగారును రాష్ట్రపతి మంత్రుల సలహాకు బద్ధుడనియే చెప్పిరి. పిమ్మట 1955 నాటి వివాహచట్టమునకును, 1956 నాటి వారసత్వచట్టమునకును ఆ రాజేంద్రప్రసాదుగారి యామోదమే లభించెను. ఆ చేవ్రాలు నిలిచిపోయినచో మన యాడుబిడ్డల హక్కులు మరెంతకాల మాగియుండెడివో! బెల్జియము రాజును మెచ్చువారు ఇట్టి నిరాకరణమును గూడ మెచ్చగలరా? మనకు నచ్చిన నిరాకరణమును కొనియాడి, నచ్చనిదానిని ఖండించుట నీతి కాదు, పక్షపాతము.

అయిన నొక యాక్షేపణ కలదు. శాసనమే దుష్టమైనచో? ఇటలీ రాజు మూడవ విక్టరు ఇమాన్యుయేలు 1938లో యూదుల హక్కులను హరించు శాసనములపై చేవ్రాలు చేసెను. తాను సాక్షిమాత్రుడనని అతడు తప్పించుకొనగలడా? తప్పించుకొనలేడు. అప్పటికి ప్రతిపక్షములను నిషేధించి పండ్రెండేండ్లయ్యెను. పార్లమెంటు పేరునకే మిగిలియుండెను. కంఠముపై కత్తి యుంచి వ్రాయించిన పత్రమునకు సాక్షి వ్రాలు చేయుట కూటసాక్ష్యము. అంతకుమున్ను 1922లో, ముస్సోలినీ దండు రోమునగరముపైకి నడచినపుడు, దానిని నిలుపుటకై మంత్రివర్గము సైనికశాసన పత్రమును తేగా, అతడు దానిపై చేవ్రాలు చేయ నిరాకరించెను. చేయవలసినచోట చేయలేదు, చేయరానిచోట చేసెను. 1946లో ఇటలీ ప్రజలు ఓటు వేసి రాచరికమునే త్రోసిపుచ్చిరి.

కావున మా నిర్ణయమిది. శాసనము స్వేచ్ఛగ, యథావిధిగ పుట్టినచో, తన కిష్టము లేకున్నను పీఠస్థుడు చేవ్రాలు చేయవలెను. అంతకుముందు మంత్రులను హెచ్చరించు హక్కు అతనికి కలదు. ఆ హక్కును నిండుగ వినియోగించుకొనవలెను. మనస్సాక్షి యంతకును సహింపనిచో పీఠము దిగవలెను. పీఠమును నిరాకరణమును రెండును చేతనుంచుకొనుట తగదు.

ఇది రాజుల మాట మాత్రమే కాదు. ఇంటిపెద్ద యను పీఠముపై మనమును గూర్చున్నాము. యుక్తవయస్సు వచ్చిన కుమార్తె తన చదువును గూర్చియో, భర్తను గోల్పోయిన సోదరి తన పునర్వివాహమును గూర్చియో స్వేచ్ఛగ నొక నిర్ణయము చేసికొని మన సమ్మతి గోరి వచ్చినపుడు, "నా మనస్సాక్షి యొప్పదు" అని యెన్నిసార్లు త్రోవ కట్టితిమి? మనస్సాక్షి మన నడతను దిద్దుకొనుటకు గాని, పరుల నడకను ఆపుటకు గాదు.