మినహాయింపు ఎవరి మీద దయ?

'ఈ పని నువ్వు చెయ్యనక్కర్లేదు' అని ఎవరైనా అంటే అది మన మీద దయా, లేక మన మాటతో పనిలేదని చెప్పడమా? అమెరికాలో జ్యూరీల చరిత్ర చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

సుసాన్ గ్లాస్పెల్ 1916లో 'ట్రైఫిల్స్' అనే నాటిక రాసింది. మరుసటి ఏడాది దాన్నే 'ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్' కథగా మలిచింది. భర్తని చంపిందన్న అనుమానంతో ఒక రైతు భార్య జైల్లో ఉంటుంది. షరీఫూ, లాయరూ సాక్ష్యం కోసం ఇల్లంతా వెతుకుతుంటారు. వంటింట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లకి కుట్టుపని బుట్టలో మెడ విరిచేసిన పిట్ట దొరుకుతుంది. ఆ కాపురం ఎలాంటిదో వాళ్లకి అర్థమవుతుంది. పిట్టని దాచేస్తారు.

పాఠం చెప్పిన ప్రతిసారీ 'వాళ్లు చేసింది న్యాయమేనా?' అన్న చర్చ వస్తుంది. వాళ్ల మీద నాకు సానుభూతి ఉంది కానీ దాన్ని న్యాయమనలేను. చనిపోయిన మనిషి తరఫున అడిగేవాళ్లు ఆ వంటింట్లో లేరు. అయితే తమకి తెలిసింది తీర్పులో భాగం చేయడానికి వాళ్లకి ఇంకో చోటేదీ? యువ విలేఖరిగా గ్లాస్పెల్ అయోవాలో మార్గరెట్ హొసాక్ కేసు గురించి రాసింది. 1901లో ఆమెని దోషి అన్న జ్యూరీలో అందరూ మగవాళ్లే. తీర్పు చెప్పే చోట స్థానం లేనివాళ్లకి దాచడమే తీర్పవుతుంది.

1880లో నల్లవాళ్లని జ్యూరీలోకి రానివ్వని చట్టాన్ని తప్పుపట్టిన సుప్రీంకోర్టే, జ్యూరీని మగవాళ్లకి పరిమితం చేసుకోవచ్చని అదే తీర్పులో అంది. అంటే నల్లజాతి స్త్రీకి తలుపు తెరుచుకోనే లేదు. 1920లో ఓటుహక్కు వచ్చినా జ్యూరీ హక్కు దాని వెంట రాలేదు. ఫ్లోరిడాలో తమంతట తాము పేరు నమోదు చేసుకున్న స్త్రీలనే జ్యూరీకి పిలిచేవారు. భర్తని చంపిన గ్వెండొలిన్ హాయిట్‌ని విచారించింది పూర్తిగా మగవాళ్ల జ్యూరీ. ఇంటికీ కుటుంబానికీ స్త్రీయే కేంద్రం కాబట్టి ఈ వెసులుబాటు సబబేనని 1961లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఈ ధోరణి మారింది 1975లో, టేలర్ కేసులో. అడిగిన స్త్రీకల్లా మినహాయింపునిచ్చే మిస్సోరీ పద్ధతిని 1979లో కొట్టేశారు. ఆ కేసు వాదించినవాళ్లలో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒకరు.

స్త్రీలుంటే తీర్పు స్త్రీకి అనుకూలంగా వస్తుందని నేననను. అదీ మూసే. జ్యూరర్లని ఆడా మగా అన్న కారణంతో తొలగించకూడదని 1994లో కోర్టు అన్నప్పుడు, ఆ కేసులో తొలగించబడింది మగవాళ్లు. నేను అడిగేది అనుకూలమైన తీర్పు కాదు. తెలిసింది దాచనక్కర్లేకుండా నలుగురి ముందు చెప్పి, ఎదుటివాళ్ల వాదన విని, అవసరమైతే తన అభిప్రాయం మార్చుకోగలిగే చోటు.

అక్కడి పౌరసత్వం తీసుకున్న నా స్నేహితురాలికి జ్యూరీ పిలుపొచ్చింది. "తప్పించుకునే దారేమైనా ఉందా? పాపని ఎవరి దగ్గర వదిలి వెళ్లను?" అంది. ఆమెని నేను తప్పుపట్టలేను. ఒకప్పుడు చట్టం అన్న మాటే ఇప్పుడు ఆమె ఇంటి పరిస్థితి అంటోంది. పెద్దమనుషుల పంచాయితీలో 'నీకెందుకమ్మా, లోపలికెళ్లు' అన్న మాట విని పెరిగిన మనకి ఇది కొత్త కాదు.

ఇంటిపని పంచుకోకుండా బయటి బాధ్యత నుంచి తప్పించడం దయ కాదు. దయ చూపించాలనుకునేవాళ్లు ఆ రోజు పాపని చూసుకోవాలి.