పెద్దవాళ్ళ జ్ఞాపకాలు మమకారమేనా?



పోయిన వారం వీడియో షష్టిపూర్తి మీద చేశాం కదా. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే మన సంవత్సరాల చక్రంలో, మనిషి పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ రావాలంటే 60 ఏళ్ళు పడుతుంది. 1965 ఉగాది తర్వాత పుట్టినవాళ్ళది విశ్వావసు. 2025 ఉగాదికి అది తిరిగి వచ్చింది. చుట్టు పూర్తయిందని శాంతి చేయించి, పిల్లలు దగ్గరుండి అమ్మానాన్నల పెళ్ళి మళ్ళీ చేస్తారు. ఇదంతా వీడియోలో చెప్పుకున్నాం. ఒక ప్రశ్న మాత్రం పది నిమిషాల్లో తేలేది కాదని పక్కన పెట్టాను. అది ఇక్కడ రాస్తున్నాను.

మనుస్మృతి గృహస్థుకి ఒక మాట చెప్తుంది. ఒంటి మీద ముడతలు, తల మీద తెల్ల వెంట్రుకలు, ఒళ్ళో మనవడు కనిపించాక ఇక అడవి దారి పట్టమని. అంటే ఇల్లూ వాకిలీ, పండగలూ పబ్బాలూ వదిలి మనసుని లోపలికి తిప్పుకోమని. మరి అదే సంప్రదాయం 60కి షష్టిపూర్తి, 70కి భీమరథ శాంతి, 80 దాటాక సహస్ర చంద్ర దర్శనం పెట్టి, బంధువులందరినీ పిలిచి భోజనాలు పెట్టమంటుంది. వదలమంటున్నట్టా, పట్టుకోమంటున్నట్టా? రిటైరైన మన నాన్న పాత ఆల్బమ్ తిరగేస్తూ, ఎప్పటిదో అన్నవరం ప్రయాణం గురించి పదోసారి చెప్తుంటే అది మంచిదా, బంధమా?

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే ప్రశ్న అయితే ఇంత రాసేదాన్ని కాదు. మా ఇంట్లో దీని మీద నిజంగానే వాదన నడుస్తోంది.

మా అమ్మమ్మది కొవ్వూరు. వయసు 78. ఆవిడ జీవితాన్ని పుష్కరాలతో కొలుస్తుంది. గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు, అంటే సుమారు 12 ఏళ్ళకోసారి, గోదావరికి పుష్కరాలు. 1991, 2003, 2015. ఎప్పుడు ఎవరెవరు వచ్చారు, ఏ గదిలో ఎంతమంది పడుకున్నారు, గోష్పాద క్షేత్రం రేవులో ఎవరి చెప్పులు పోయాయి, అన్నీ చెప్తుంది. 2003 మాట వస్తే గొంతే మారిపోతుంది. అప్పటికి మా తాతయ్య ఉన్నారు. ఆయన చెల్లెళ్ళు నలుగురూ వచ్చారు. పన్నెండు రోజులూ పూటకి 30 విస్తళ్ళు లేచాయట. ఇప్పుడు ఆవిడ అడిగేది ఒకటే. "2027 పుష్కరాలకి అందరూ వస్తారా?"

మా పెద్ద మావయ్యకి ఇది నచ్చదు. ఆయన పట్టించుకోని కొడుకు కాదు. మందులు ఒక్కరోజు ఆలస్యం కానివ్వడు, రోజూ గీత చదువుతాడు. "అమ్మా, ఈ వయసులో అందరూ రావాలి, అవన్నీ మళ్ళీ జరగాలి అనుకోవడం మమకారం. చివర్లో ఏది తలుచుకుంటే అదే అవుతాం. జడభరతుడి కథ నీకు తెలియందా? రామా కృష్ణా అనుకో" అన్నాడు. అమ్మమ్మ ఎదురు చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన ముందు పుష్కరాల మాట ఎత్తడం మానేసింది. నాకు ఫోన్ చేసినప్పుడు మాత్రం గొంతు తగ్గించి చెప్తుంది, ఏదో దాచుకుని తింటున్నట్టు.

78 ఏళ్ళ మనిషి తన సంతోషాన్ని గుసగుసగా చెప్పుకోవాల్సి రావడం నాకు సబబు అనిపించలేదు. అలాగని మావయ్య మాటని కొట్టిపారెయ్యడానికీ లేదు. గీత ఎనిమిదో అధ్యాయంలో ఆ మాట ఉంది. అందుకని ఆయన చెప్పిన కథ దగ్గరికే వెళ్దాం.

భాగవతం ఐదో స్కంధంలో భరతుడు రాజ్యాన్ని కొడుకులకి అప్పజెప్పి, గండకీ నది ఒడ్డున పులహాశ్రమానికి వెళ్ళిపోతాడు. ఒకరోజు నిండు చూలాలైన లేడి సింహం అరుపుకి బెదిరి ఏటికి అడ్డంగా దూకుతుంది. పిల్ల నీళ్ళలో పడిపోతుంది, తల్లి చనిపోతుంది. భరతుడు ఆ పిల్లని తెచ్చి పెంచుతాడు. మెల్లగా జపం తగ్గుతుంది, పూజ తగ్గుతుంది. చివరి క్షణంలో దాన్నే తలుచుకుంటూ పోతాడు, లేడిగా పుడతాడు. చాలామంది కథని ఇక్కడే ఆపేస్తారు, మావయ్య కూడా. కానీ కథ ఇంకా ఉంది. లేడి జన్మలో భరతుడికి పాత జన్మ జ్ఞాపకం పోలేదు. ఎక్కడ జారిపోయాడో గుర్తుంది కాబట్టే తల్లి లేడిని వదిలి, మళ్ళీ ఆ ఆశ్రమం దగ్గరికే వెళ్ళి, ఆ శరీరం రాలిపోయే రోజు కోసం ఎదురుచూశాడు.

ఒకసారి ఆలోచించండి. భరతుణ్ణి పట్టుకున్నది వదిలొచ్చిన రాజ్యం కాదు, భార్యాపిల్లల జ్ఞాపకమూ కాదు. ఎదురుగా ఉన్న లేడిపిల్ల. "ఇది లేకపోతే నేనేమైపోతాను" అనే ఆ పట్టు. అతన్ని దించింది అది. పైకి లాగింది మాత్రం జ్ఞాపకమే.

పతంజలి ఈ రెండింటినీ వేర్వేరు అరల్లో పెట్టాడు. యోగసూత్రాల్లో స్మృతి అనేది ఐదు చిత్తవృత్తుల్లో ఒకటి. ఆ వృత్తులు బాధ పెట్టేవీ కావచ్చు, పెట్టనివీ కావచ్చు అంటాడు. రాగాన్ని మాత్రం క్లేశాల జాబితాలో వేశాడు. సుఖాన్ని వెంబడించి వచ్చే పట్టు పేరు రాగం. చివరికి యోగి అన్ని వృత్తులనీ నిలపాల్సిందేననుకోండి, అది వేరే ఎత్తు, మనం ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాం. మనకి పనికొచ్చేది ఈ తేడా. "ఆ రోజు మీ తాతయ్య చెల్లెళ్ళందరికీ ఒకే రంగు చీరలు కొన్నారు, ఎవరిది ఎవరిదో తెలీక ఒకటే నవ్వులు" అంటే అది స్మృతి. "అవీ రోజులంటే, ఇప్పటి కోడళ్ళకి ఏం తెలుసు" అంటే దాని వెనకాల రాగం వచ్చేసింది, తోడుగా ద్వేషాన్ని కూడా తెచ్చుకుంది. రెండూ ఒకే నోటి నుంచి, ఒకే సాయంత్రం రావచ్చు. మా అమ్మమ్మ దగ్గరా వస్తాయి. నేనేమీ ఆవిడ యోగిని అనడం లేదు.

సరే, రాగం కలిసిన జ్ఞాపకమే అనుకుందాం. అప్పుడు దగ్గరివాళ్ళు ఏం చెయ్యాలి? మర్చిపొమ్మని చెప్పాలా? దీనికి నాకు దొరికిన గట్టి సమాధానం భారతంలో ఉంది. ఆశ్రమవాస పర్వం. తెలుగులో తిక్కన గారు రాసిన భాగంలోదే. యుద్ధం దాకా చెప్పి వదిలేసే సీరియళ్ళ పుణ్యమా అని మనలో చాలామందికి ఇది తెలీదు.

యుద్ధం అయ్యాక ధృతరాష్ట్రుడు, గాంధారి 15 ఏళ్ళు ధర్మరాజు దగ్గరే ఉండి, తర్వాత అడవికి వెళ్తారు. కుంతి కూడా వాళ్ళ వెంట వెళ్తుంది. కొంతకాలానికి పాండవులు ఉండబట్టలేక, ద్రౌపదితో, కోడళ్ళందరితో కలిసి పెద్దవాళ్ళని చూడటానికి బయలుదేరతారు. మన భాషలో చెప్పాలంటే ఫ్యామిలీ అంతా కలిసి అమ్మమ్మ ఊరికి. నెల రోజులకి పైగా అక్కడే ఉంటారు. ఆ సమయంలో వ్యాసుడు వస్తాడు. గాంధారి ఆయనతో అంటుంది, 16 ఏళ్ళు గడిచాయి, ఈ రాజుకి కొడుకుల దుఃఖం ఇంకా చల్లారలేదు అని. కుంతికి కర్ణుడి బాధ. సుభద్రకి అభిమన్యుడి బాధ.

అక్కడ ఉన్నది వేదాల్ని విభజించిన వ్యాసుడు. అడవికి వచ్చి కూడా ఇంకా కొడుకులేనా, మమకారం వదలండి అని ఆయన కంటే అధికారంగా చెప్పగలిగిన వాళ్ళెవరు? ఆయన అలా అనలేదు. రాత్రి కాగానే గంగలో దిగి, చనిపోయినవాళ్ళందరినీ పిలిచాడు. నీళ్ళలోంచి భీష్మద్రోణులు, కర్ణుడు, దుర్యోధనుడు, అభిమన్యుడు, ఉపపాండవులు లేచి వచ్చారు. ఎవరిలోనూ పగ లేదు, అసూయ లేదు. పుట్టుగుడ్డి అయిన ధృతరాష్ట్రుడికి వ్యాసుడు చూపు ఇచ్చాడు. ఆయన తన కొడుకుల ముఖాలు చూడటం అదే మొదటిసారి! ఆ రాత్రంతా పండగలా గడిచింది. తెల్లవారగానే వచ్చినవాళ్ళు మళ్ళీ గంగలో కలిసిపోయారు.

ఆ తర్వాత ధృతరాష్ట్రుడి దుఃఖం తీరిపోయింది. ఎంతగా అంటే, ఇక మీరు బయలుదేరండి, మీరు ఇక్కడుంటే మా తపస్సు సడలుతోంది అని తనే ధర్మరాజుకి చెప్పి పంపించాడు. సహదేవుడు తల్లిని వదిలి రాలేనంటే కుంతి నచ్చజెప్పి పంపింది. వదలడం జరిగింది, కానీ కడుపు నిండాక జరిగింది. ఇంకొక్క సంగతి. రెండేళ్ళ తర్వాత నారదుడు వచ్చి, ఆ ముగ్గురూ అడవి మంటల్లో వెళ్ళిపోయారని చెప్తాడు. అంటే పాండవులు ఆ ప్రయాణం పెట్టుకోకపోయి ఉంటే, రాజ్యంలో పనులు తెమిలాక వెళ్దాంలే అనుకుని ఉంటే, అంతే సంగతులు.

సెలవు దొరకదు, పిల్లల పరీక్షలు, ట్రైన్ టికెట్లు. నాకూ తెలుసు ఇవన్నీ. ధర్మరాజుకి ఉన్నది మనకంటే చిన్న ఉద్యోగమేం కాదు.

నిజానికి పుష్కరాల్లో మనం చేసేది కూడా అలాంటిదే కదా. నదిలో దిగి, పోయినవాళ్ళని పేరుతో, గోత్రంతో తలుచుకుంటాం. తల్లిదండ్రులకే కాదు, బంధువులకి, గురువులకి, స్నేహితులకి కూడా పిండప్రదానం చేస్తారు. ఆ పేరు పలికేటప్పుడు మనిషి కళ్ళ ముందు నిలవాలి. నీళ్ళు మాత్రం వేళ్ళ సందుల్లోంచి జారిపోవాలి. తలుచుకోవడం, వదలడం ఒకే పనిలో. ఇంత తెలివైన ఏర్పాటు చేసినవాళ్ళు మనల్ని మర్చిపొమ్మన్నారంటే నేను నమ్మను.

ఇక్కడ ఒక పక్క మాట చెప్పకపోతే మా అమ్మ ఊరుకోదు. 2003 పుష్కరాల గురించి అమ్మమ్మ అంత మురిసిపోతుందా, అమ్మని అడిగితే ఇంకో కథ చెప్తుంది. "నాకు గుర్తున్నది వంటిల్లు. పొద్దున నాలుగింటికి లేస్తే రాత్రి పదకొండు. గోదావరి ఇంటి నుంచి పది నిమిషాల దూరం, పన్నెండు రోజుల్లో నేను మునిగింది రెండుసార్లు." ఆల్బమ్ తీసి చూశాను. నిజమే, పెద్ద ఫోటోల్లో ఎక్కడా అమ్మ లేదు, ఒక్కదాంట్లో తలుపు పక్కన సగం కనిపిస్తుంది. కుటుంబ సంబరాలు తీపి జ్ఞాపకాలు అంటాం కానీ, ఆ తీపి ఎవరు వండారు అనేది కూడా చూడాలి. ఒకరు తలుచుకుని మురిసే రోజు, ఇంకొకరికి నడుం నొప్పిగా మాత్రమే మిగిలితే దాన్ని ధర్మం అనలేం. 2027కి అమ్మ షరతు పెట్టేసింది. వంట కేటరింగ్ వాళ్ళకి ఇస్తేనే వస్తానంది. నేను పూర్తిగా అమ్మ పక్షం. మడి, ఆచారం అంటారా, శ్రాద్ధం రోజు వరకు వంటబ్రాహ్మణ్ణి పెట్టుకుందాం, మిగతా పదకొండు రోజులూ అమ్మ కూడా యాత్రికురాలే.

ఇంకో విషయం. పెద్దవాళ్ళు చెప్పిందే చెప్తారని మనకి విసుగు. "ఈ కథ వందసార్లు చెప్పావు అమ్మమ్మా" అంటాం. అదే మనిషి ఏటా సుందరకాండ పారాయణ చేస్తే, పోయినేడు చదివావు కదా అని ఎవరూ అనరు. చెప్పిన ప్రతిసారీ అమ్మమ్మ కథలో చిన్న తేడా ఉంటుంది. మొదట్లో చెప్పులు పోయినందుకు తాతయ్య కోప్పడ్డారని చెప్పేది. ఈ మధ్య చెప్పినప్పుడు, ఆయన తన చెప్పులు చెల్లెలికిచ్చి వట్టి కాళ్ళతో ఇంటికి నడిచారని చెప్పింది. కోపం భాగం ఎటు పోయిందో తెలీదు. నేను అడగలేదు. వినడం మాత్రం ఫోన్ పక్కన పెట్టి వింటున్నాను, అంతే.

ఆశ్రమవాస పర్వం కథ పోయిన ఆదివారం మావయ్యకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "వ్యాసుడు ఒక్క రాత్రే ఇచ్చాడు, అది గమనించావా?" అన్నాడు చివరికి. గమనించానన్నాను. "పన్నెండు రోజులు నా వల్ల కాదు. మూడు రోజులు చూస్తాను" అన్నాడు. మావయ్య చూస్తానన్నాడంటే మా ఇంట్లో టికెట్లు బుక్ అయినట్టే. అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు, ఆయనే చెప్పాలని ఆగాం.

వచ్చే వారం వీడియో సహస్ర చంద్ర దర్శనం మీద. వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి చేసే శాంతి ఇది. పున్నమికీ పున్నమికీ మధ్య దాదాపు ఇరవై తొమ్మిదిన్నర రోజులు కాబట్టి, వెయ్యి పున్నములంటే 80 ఏళ్ళ మీద కొన్ని నెలలు. ఏ నెలలో చెయ్యాలన్నది ఆచారాన్ని బట్టి మారుతుంది, మీ ఇంటి పురోహితుల్ని అడగండి. మీ ఇంట్లో ఆ వయసుకి దగ్గరపడుతున్న వాళ్ళుంటే వాళ్ళ పుట్టిన తేదీ ఇప్పుడే కనుక్కుని రాసిపెట్టుకోండి. చాలామంది పెద్దవాళ్ళకి సర్టిఫికెట్లో ఉన్నది అసలు తేదీ కాదు. అసలు తేదీ కావాలంటే "నువ్వు పుట్టినప్పుడు ఏ పండగ దగ్గర్లో ఉందట?" అని అడగాలి. సమాధానం కనీసం గంటసేపు ఉంటుంది, తీరిక చేసుకుని కూర్చోండి.